ఐర్లాండ్‌లో 200 ఏళ్ల నాటి పల్లెటూరి ఇల్లు బుక్ చేశా, అమ్మానాన్నలతో ఉండగలమా?

నిజాంపేట_వాసు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక చేసుకుని చదవండి.

జూన్ రెండో వారంలో అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప ఐర్లాండ్ వెళ్తున్నాం. తమ్ముడు డబ్లిన్‌లో ఉంటాడు, వాడిది సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అయిదుగురం వెళ్లి పడితే వాడు బాల్కనీలో పడుకోవాలి. అందుకే అక్కడ మూడు రోజులు ఎలాగో సర్దుకుని, తర్వాత అయిదు రాత్రులకి పడమటి వైపు క్లేర్ కౌంటీలో ఒక పాత పల్లెటూరి ఇల్లు తీసుకున్నా. 1820ల్లో కట్టిందట, చాలా ఏళ్లు పాడుబడి ఉంటే ఓనర్లు పాత పద్ధతిలోనే బాగుచేయించి టూరిస్టులకి అద్దెకిస్తున్నారు. ఫొటోల్లో తెల్లగా సున్నం కొట్టిన గోడలు, గడ్డి కప్పు, ఎర్ర తలుపు, ఆ తలుపు కూడా నడుం దగ్గర రెండు ముక్కలు చేసినట్టు పైది వేరే కిందది వేరే తెరుచుకుంటుంది. అర్ధరాత్రి ఫోన్‌లో చూసి మనసు పారేసుకుని, పొద్దున ఇంట్లోవాళ్లు లేచేలోపు డబ్బులు కట్టేశా. అయిదు రాత్రులకి లక్షా పదివేలు.

అప్పట్నుంచీ ఇంట్లో రోజూ పంచాయితీ. నాన్నేమో "నేను పుట్టింది గుడిసెలో, అందులోంచి బయటపడటానికి ముప్పై ఏళ్లు పట్టింది, లక్ష ఇచ్చి మళ్లీ అందులోకే తీసుకెళ్తావా" అంటారు. మా ఆవిడకి అయిదుగురికి ఒక్క బాత్రూమ్ అని బెంగ. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా బయట తిండి ముట్టుకోదు. లిస్టింగ్‌లో టీవీ లేదని గర్వంగా రాసుకున్నారు, వైఫై ఊసే ఎత్తలేదు. రాతి గోడలు, దగ్గర్లోనే సముద్రం, వాన, లోపల చెమ్మ వాసన వస్తుందా? జూన్‌లో కూడా చలేస్తుందా? వంట చేసుకోనిస్తారా? క్యాన్సిల్ చేస్తే పూర్తి డబ్బులు వెనక్కొచ్చే గడువు ఈ నెలాఖరు. ఉంచాలా తీసేయాలా, ఉండొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

మల్కాజిగిరి_మల్లేష్:

లచ్చ రూపాయలు వెట్టి గడ్డికప్పు కింద పండుడేంది అన్నా, ఊర్ల మా పెద్దబాపు కొట్టం ఖాళీగనే ఉంది, ఎర్ర తలుపే గావాలంటే రంగు ఏపిస్త.

జోక్ జేస్తున్న, ఫీల్ గాకు. నేను గూడ గసొంటి పనే జేసిన. దోస్తులతోని పోయినప్పుడు విక్లో హెడ్ పాత లైట్‌హౌస్‌ల రెండు రాత్రులు ఉన్నం. 1781ల కట్టిన్రు, ఎనిమిది మూలల రాతి బురుజు. 1836ల పిడుగు వడి లోపలంత కాలిపొయ్యి ఉత్త గోడలు మిగిలినయట, ఇప్పుడు ఐరిష్ ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అని ఒక సంస్థ బాగుజేసి కిరాయికి ఇస్తున్నది. ఒక రూము మీద ఒక రూము ఉంటది, కిచెన్ యాడ ఉంటదో చెప్పు? అన్నిటికంటె పైన, 109 మెట్లు ఎక్కినంక. కారుల పాల డబ్బా మర్శిపోతె ఎవడు దిగాలె అని గంట సేపు కొట్లాడుకున్నం, ఆఖరికి నల్ల చాయ్ తాగి పండుకున్నం. గోడ ఎంత మందం అంటే కిటికీ గూట్లె మనిషి కాళ్లు ముడుసుకొని కూసోవచ్చు, గాడ కూసుంటె సముద్రం తప్ప ఇంకోటి కనవడది. మస్తుంటది గని అమ్మను తీస్కపోయేటోనివి, అన్నిటికంటె ముందు మెట్లు ఎన్ని అని అడుగు.

గచ్చిబౌలి_లలిత:

వాసూ, నేను తొమ్మిదేళ్లు లిమరిక్‌లో ఉండి రెండేళ్ల కిందటే వెనక్కొచ్చా, క్లేర్ మాకు పక్క జిల్లా. ఇలాంటి ఇళ్లలో మూడుసార్లు ఉన్నాం. ఒకటి అద్భుతం, ఒకటి పర్లేదు, మూడోది తల్చుకుంటే ఇప్పటికీ ముక్కులో బూజు వాసన. కాబట్టి పాత ఇల్లు మంచిదా కాదా అని అడగడం కాదు, నువ్వు బుక్ చేసిన ఇల్లు ఎలాంటిదో ఓనర్‌ని అడిగి తెలుసుకో. మెసేజ్ పెడితే పేజీలు పేజీలు రాస్తారు వాళ్లు, ఇంటి గురించి అడిగితే చాలు పిల్ల గురించి అడిగినంత సంబరం.

మల్లేష్ చెప్పిన మెట్ల సంగతి నిజం. ఆ ఇళ్లు సన్నగా పొడుగ్గా ఉంటాయి, మధ్యలో పొయ్యి ఉన్న వంటగది, దానికి అటో గది ఇటో గది. పైన మన అటక లాంటిది ఒకటి ఉంటుంది, దానికి నిచ్చెనకి ఎక్కువ మెట్లకి తక్కువ లాంటిది వేసి దాన్నీ బెడ్‌రూమ్ అని లెక్కలో చూపిస్తారు. అమ్మానాన్నల మంచం, బాత్రూమ్ రెండూ కిందే ఉన్నాయా అని సూటిగా అడుగు. అటక మీకూ పాపకీ సరిపోతుంది, పాపకైతే పండగే. తలుపులు పొట్టిగా ఉంటాయి, మా ఆయన మొదటి రోజే రెండుసార్లు నుదురు కొట్టించుకున్నారు, రెండోసారి ఐస్ పెట్టాల్సొచ్చింది.

ఇక వేణ్ణీళ్లు. ఇది ఎవరూ చెప్పరు. అక్కడ ఇమ్మర్షన్ అంటే మనం బకెట్లో వేసే రాడ్ కాదు, అల్మరా తలుపు తీస్తే లోపల దుప్పటి కప్పుకున్న మనిషిలా ఒక పెద్ద రాగి ట్యాంకు నిలబడి ఉంటుంది, దాని స్విచ్‌కి సింక్ అనీ బాత్ అనీ రెండు ఉంటాయి. సింక్ మీద పెడితే పైపైన నీళ్లే కాగుతాయి, ఒకరి స్నానానికి కూడా రావు. బాత్ మీద పెట్టి ఓ గంట ఆగాలి, అయ్యాక ఆపాలి. ఆపకుండా ఊరికెళ్తే ఏమవుతుందో అని ఆ దేశంలో ప్రతి ఇంట్లో అమ్మలకి ఒకటే భయం, దాని మీద వాళ్లకి బోలెడు జోకులున్నాయి. షవర్ ఎలక్ట్రిక్‌ది అయితే బాత్రూమ్ సీలింగ్ నుంచి ఒక తాడు వేలాడుతుంది, అది లాగితేనే కరెంటు. మా అత్తగారు అది బట్టలారేసుకునే తాడు అనుకుని తువ్వాలు వేశారు, తర్వాత వణుక్కుంటూ చన్నీళ్లు పోసుకుని బయటికొచ్చి నన్నొక చూపు చూశారు.

చలి సంగతి: జూన్‌లో పగలు పదిహేడు పద్దెనిమిది డిగ్రీలు, వాన పడితే ఇంకా తక్కువ, అయితే రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి పాప నిద్రపోనంటుంది, రెడీగా ఉండు. మీరు దిగేముందు రోజే హీటింగ్ వేసి ఉంచమని ఓనర్‌కి చెప్పు. రాతి గోడ ఒకసారి వేడెక్కిందంటే ఇట్టే చల్లారదు, అదే చల్లగా ఉన్న ఇంట్లో దిగితే వేడెక్కేసరికి మీ అయిదు రోజులూ అయిపోతాయి.

గచ్చుపని_గీత:

నేను హైదరాబాద్‌లో పాత కట్టడాల మరమ్మత్తు పనిలో ఉన్నా, చెమ్మ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నా.

వాసు గారూ, ఆ గోడలు రాయీ సున్నమూ. మన గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులూ అంతే, డంగుసున్నం. మనవాళ్లు అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ, మారేడు గుజ్జు కలిపితే వాళ్లు గచ్చులో మేక వెంట్రుకలో గుర్రం వెంట్రుకలో కలిపేవాళ్లు. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండా గాలీ తగిలితే వదిలేస్తుంది. పోయిన శతాబ్దంలో ఇక్కడా అక్కడా ఒకటే తెలివితక్కువ పని చేశారు, పాత గోడల మీద సిమెంటు పూశారు. లోపలికి దూరిన తడికి బయటికి దారి లేదు, అది గది లోపలికి వచ్చి బూజు పడుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు 2013లో పని మొదలుపెట్టాక చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఆ సిమెంటు ఊడగొట్టి మళ్లీ సున్నం వేయడమే. లలిత గారి మూడో ఇల్లు సిమెంటు పూసిందే అని నా పందెం.

అందుకని ఓనర్‌ని ఒకే ప్రశ్న అడగండి, గోడలకి బయట లోపల సున్నమేనా, సిమెంటు తీసేయించారా అని. సున్నమే అంటే వాసన గురించి భయం అక్కర్లేదు, కాకపోతే గోడకి ఆనుకుంటే చొక్కా తెల్లబడుతుంది, తడి బట్టలు లోపల ఆరేయకండి, సూట్‌కేసులు గోడకి ఆనించి పెట్టకండి. మీరు వెళ్లే బరెన్ ప్రాంతం మొత్తం సున్నపురాయే, కొండలు కొండలు బూడిద రంగు బండలు, మన తాండూరు బండలు ఎవరో ఆకాశం దాకా పరిచినట్టు ఉంటుంది. సున్నానికి అక్కడ కొదవేముంది.

మీ నాన్నగారి గుడిసె మాటకొస్తే ఒక్కటి చెప్పండి. 1841 జనాభా లెక్కల్లో ఐర్లాండ్‌లో 80 లక్షల పైన జనం, అందులో కటిక పేదలు ఒంటి గది మట్టి కొంపల్లో ఉండేవాళ్లు. 1845లో బంగాళాదుంప పంటకి తెగులు సోకి కరువొచ్చింది, ఆ నాలుగైదేళ్లలో పది లక్షల మంది దాకా చచ్చిపోయారు, ఇంచుమించు అంతమందీ ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ మట్టి కొంపలు వానకి కరిగి మళ్లీ మట్టిలో కలిసిపోయాయి, ఇవాళ చూద్దామన్నా దొరకడం అరుదు. మూడు గదుల రాతి ఇల్లు 200 ఏళ్లు నిలబడిందంటే కట్టుకున్నవాడు అంతో ఇంతో ఉన్న రైతే. గుడిసె కాదు. దారి పొడుగునా కప్పు లేని మొండి గోడలు చాలా కనిపిస్తాయి, అక్కడ కారు ఆపి చూపించండి, ఆయనకి మనకన్నా బాగా అర్థమవుతుంది.

నిజాంపేట_వాసు:

గీత గారూ, మీ పోస్ట్ నాన్నకి చదివి వినిపించా. మొత్తం విని "మట్టి గోడ అయితే ఏటా పేడతో అలకాలి, అలికేవాళ్లు లేకపోతే అంతే" అని లేచి వెళ్లిపోయారు. ఇది ఒప్పుకున్నట్టా కాదా నాకు తెలీలేదు.

ఓనర్‌కి మెసేజ్ పెట్టా, లలితక్క చెప్పినట్టే పెద్ద ఉత్తరం వచ్చింది. సున్నమేనట, 1970ల్లో ఎవరో పూసిన సిమెంటు తీయడానికే ఒక ఎండాకాలం పట్టిందట. కింద ఒక బెడ్‌రూమ్, బాత్రూమ్ ఉన్నాయి. కప్పు గురించి ఒక ఫొటో పంపారు, సముద్రపు గాలికి గడ్డి ఎగిరిపోకుండా కప్పు మీద నుంచి తాళ్లు వేసి, చూరు కింద గోడలో గుచ్చిన రాతి మేకులకి కట్టారు, మా ఊళ్లో గడ్డివాముకి రాళ్లు వేలాడదీసినట్టే. ఇప్పుడు నాకున్న భయం డ్రైవింగ్. తమ్ముడికి ఇంకా లైసెన్స్ రాలేదు, నేనే నడపాలి.

మణికొండ_రవి:

ముందు వీసా సంగతి చూసుకున్నారా? షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) ఉంది కదా అని వెళ్లి ఎయిర్‌పోర్ట్‌లో ఆగిపోయిన బ్యాచ్ నాకు తెలుసు, ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు, వాళ్ల వీసా వేరే తీసుకోవాలి.

డ్రైవింగ్ మనలాగే ఎడమ వైపే, మన లైసెన్స్ టూరిస్టుగా చెల్లుతుంది, అంతవరకు హ్యాపీ. ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చేయండి, అక్కడ గేర్ బండ్లు ఎక్కువ. హైవే మీద 120, నున్నగా వెళ్లిపోతారు, అసలు సినిమా చివరి పది కిలోమీటర్లలో మొదలవుతుంది. ఊళ్లోకి వెళ్లే రోడ్డు ఒక్క కారు పట్టేంత, మధ్యలో గడ్డి మొలిచి ఉంటుంది, రెండు పక్కలా పూల పొదలు, అబ్బ ఎంత బాగుందో అని పక్కకి ఆనిస్తే పొద లోపల రాతి గోడ ఉంటుంది. నాకు అద్దం అలాగే పోయింది, టైరు అంచు కూడా కోసుకుపోయింది, కారు అద్దెకిచ్చినవాళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ అని చెప్పి ఇచ్చారు, తీరా చూస్తే టైర్లు, అద్దాలు అందులో లేవట, నలభై వేలు పోయాయి. సంతకం పెట్టేముందు ఆ రెండు మాటలు అడగండి. 2025 ఫిబ్రవరి నుంచి ఆ చిన్న రోడ్ల మీద లిమిట్ 80 నుంచి 60కి తగ్గించారు, నన్నడిగితే 60 కూడా ఎక్కువే. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరికి ఖాళీ దగ్గరుంటే వాళ్లు రివర్స్ వెళ్లాలి, మన దగ్గరలా హారన్ కొట్టి ముక్కుకి ముక్కు ఆనించి కూర్చుంటే కుదరదు. దారిచ్చినవాడికి స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తాలి (చూపుడు వేలు!), అదే నమస్కారం.

ఇంటికి నంబర్ ఉండదు, వీధి పేరు ఉండదు. ఎయిర్‌కోడ్ అని ఏడక్షరాలది ఒకటి ఉంటుంది, ప్రతి ఇంటికీ వేరే, అది మ్యాప్‌లో కొడితే సరిగ్గా గుమ్మం ముందు దింపుతుంది. సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఒక పిట్టకథ. మీరు ఎన్నిస్ వైపు వెళ్లే రోడ్డు పక్కన లటూన్ అనే చోట ఒక ముళ్ల చెట్టు ఉంది. 1999లో రోడ్డు వెడల్పు పనుల్లో కొట్టేయబోతే, అది దేవకన్యల్లాంటి వాళ్లు కలుసుకునే చెట్టు, ముట్టుకోవద్దని ఎడ్డీ లెనిహన్ అనే కథలు చెప్పే ఆయన గొడవ చేశారు, చివరికి చెట్టుని వదిలి రోడ్డు వేశారు. మన చేవెళ్ల మర్రిచెట్ల గొడవ తెలిసినవాళ్లకి వింతేం కాదు.

గచ్చిబౌలి_లలిత:

వంట మర్చిపోయా. గ్యాస్ పొయ్యో కరెంటు పొయ్యో ఉంటుంది, శుభ్రంగా వండుకోవచ్చు. కానీ తాలింపు వేసేటప్పుడు సగం తలుపు పైభాగం తీసి పెట్టండి, పొగ అలారం మోగిందంటే ఊరంతా వినిపిస్తుంది. వేయించిన నూనె సింక్‌లో పోయొద్దు, పల్లెల్లో ఇంటింటికీ సొంత సెప్టిక్ ట్యాంకే.

నెయ్యి, పాలకోవా, పనీర్ ఏవీ సూట్‌కేసులో పెట్టకండి, పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ బయటి దేశాల నుంచి తీసుకెళ్లనివ్వరు, పచ్చి కరివేపాకు కూడా వద్దు. పొడులు, కందిపప్పు పట్టుకెళ్లండి. నెయ్యి గురించి అమ్మ అస్సలు దిగులు పడక్కర్లేదు, అక్కడి వెన్న ఉప్పు లేనిది తెచ్చి కాస్తే వచ్చే నెయ్యి ఇక్కడ నాకు రెండేళ్లుగా దొరకలేదు. కరివేపాకు డబ్లిన్‌లో మూర్ స్ట్రీట్ వైపు మన షాపుల్లో కొనుక్కుని బయల్దేరండి, పల్లెల్లో దొరకడం కష్టం.

పొయ్యిలోకి టర్ఫ్ ఇస్తారేమో అడుగు. బురద నేలలో తవ్వి ఎండబెట్టిన ఇటుకలు, చూడటానికి అచ్చం పిడకలే. 2022 అక్టోబర్ నుంచి దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో అమ్మకూడదని రూల్ వచ్చింది, సొంతంగా తవ్వుకునే హక్కున్నవాళ్ల దగ్గరే దొరుకుతుంది. మంట పెద్దగా లేవదు, కుంపటిలా ఎర్రగా కూర్చుంటుంది. గోడకి గాలి వచ్చే కన్నం ఉంటే చలేస్తోందని గుడ్డలు కుక్కేరు, విషవాయువు నిలిచిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూసుకోండి.

నిజాంపేట_వాసు:

(జూన్, ఇంట్లోంచే రాస్తున్నా. వైఫై లేదు, గుమ్మం ముందు రాతిగోడ ఎక్కితే రెండు గీతల సిగ్నల్)

క్యాన్సిల్ చేయలేదు. వచ్చి అయిదో రోజు. మొదటి రోజు వాన, రెండో రోజు వాన, మూడో రోజు మధ్యాహ్నం గంటన్నర ఎండ, దాంట్లోనే మోహర్ అని సముద్రం మీదికి నిట్టనిలువుగా ఉండే కొండ అంచులు చూసొచ్చాం. 214 మీటర్లు అని బోర్డు మీద రాసుంది, అమ్మ అంచుకి ఇరవై గజాల దూరంలోనే ఆగిపోయి మమ్మల్నందర్నీ పేరుపేరునా వెనక్కి పిలిచింది.

ఒక్క బాత్రూమ్ విషయంలో మా ఆవిడ చెప్పిందే నిజం, పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా క్యూ. పాప టీవీ లేదని మొదటి రాత్రి ఏడ్చింది, ఇప్పుడు అటక దిగి రమ్మంటే రావట్లేదు.

నాన్న సంగతి. ఓనర్ బుట్టెడు టర్ఫ్ పెట్టి వెళ్లారు. మొదటి రాత్రి నేను అరగంట తంటాలు పడ్డా, కాగితాలన్నీ కాలాయి గానీ అది అంటుకోలేదు. నాన్న చూసి చూసి "లే అక్కణ్నించి" అని నన్ను జరిపి, ఇటుకలు నిలబెట్టి ఒకదానికొకటి ఆనించి, కింద సందు వదిలి అంటించారు. పడుకునే ముందు నిప్పుల్ని ఓ మూలకి లాగి పైన బూడిద కప్పారు. పాప ఎందుకు తాతా అంటే "నివురు" అన్నారు, అంతే. పొద్దున ఆయన బూడిద గీకి రెండు పుల్లలు పెట్టి ఊదితే అంటుకుంది. ఓనర్ పక్కింటాయనతో కలిసి వచ్చి చూసి, ఈ ఊళ్లో కూడా పాతకాలంలో ఇలాగే కప్పి పడుకునేవాళ్లు, ఈయనకి ఎవరు నేర్పారు అని అడిగారు. నాన్నకి ఇంగ్లిష్ రాదు, నేను తర్జుమా చేస్తే "మా అమ్మ" అని చెప్పమన్నారు. అప్పట్నుంచీ పొయ్యి జోలికి ఎవర్నీ రానివ్వట్లేదు, సగం తలుపు మీద మోచేతులు ఆనించుకుని రోడ్డు చూస్తూ నిలబడుతున్నారు, ట్రాక్టర్ వెళ్తే ఒక వేలు ఎత్తుతున్నారు. ఇల్లు బాగుందా అని అడిగితే మాత్రం "చూరు కిందకుంది" అంటారు.

రేపు పొద్దున బయల్దేరి డబ్లిన్.

మల్కాజిగిరి_మల్లేష్:

అన్నా, బాపును మా పెద్దబాపు కొట్టానికి గూడ తోల్కరా, పిడకలు ఫ్రీ.

గచ్చిబౌలి_లలిత:

ఇల్లు ఖాళీ చేశారా? ఇమ్మర్షన్ ఆపావా?

నిజాంపేట_వాసు:

ఎన్నిస్ దాటాం అక్కా. మా ఆవిడ నేను ఆపాననుకుందట, నేను తను ఆపిందనుకున్నా. ఓనర్‌కి ఫోన్ చేస్తున్నా.